లోపలా? బయటా?

చిన్నప్పుడు ఆరేళ్ళు టెన్నిస్ ఆడానని హాస్టల్లో ఎవరికి చెప్పినా రెండే ప్రశ్నలు వస్తాయి. ఒకటి, "మీ నాన్నకి బాగా డబ్బుందా?" రెండు, "స్టేట్ ర్యాంక్ ఏమైనా వచ్చిందా?" రెండింటికీ జవాబు లేదు అనే. నాన్న బ్యాంకులో క్లర్కు. నా ర్యాంకు సంగతి ఎత్తకపోవడమే మంచిది. పదో తరగతిలో రాకెట్ అటకెక్కింది, ఇంటర్లో ఎంపీసీ పుస్తకాలు దిగాయి. ఆ తర్వాత కథ మీ అందరిదీ నాదీ ఒకటే.

"మరి ఆరేళ్ళు ఆడి ఏం సాధించావ్?" అనేది మూడో ప్రశ్న. టెన్నిస్ నేర్పే చోట్ల బ్రోచర్లు చూడండి, జవాబు సిద్ధంగా ఉంటుంది. క్రమశిక్షణ, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం, క్యారెక్టర్! నిజం చెప్పాలంటే ఇవన్నీ కబడ్డీలోనూ దొరుకుతాయి, అదీ ఫీజు లేకుండా. టెన్నిస్‌లో నాకు ప్రత్యేకంగా కనిపించింది ఒక్కటే. పిల్లల మ్యాచ్‌లో అంపైర్ ఉండడు.

టీవీలో చూసే టెన్నిస్ వేరు. అక్కడ ఎత్తు కుర్చీలో అంపైర్, లైన్ల మీద కెమెరాలు. పిల్లల టోర్నమెంట్లలో చాలావరకు అదేమీ ఉండదు. నాలుగైదు కోర్టులకి కలిపి ఒక రిఫరీ తిరుగుతుంటాడు, అంతే. నెట్‌కి నీ వైపు పడ్డ బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. అవతలి వైపు పడ్డది వాడు చెబుతాడు. సరిగ్గా కనబడకపోతే? రూలు చాలా స్పష్టం. అనుమానం ఉంటే బంతి లోపల పడినట్టే. ఇంకోటి, సర్వీస్ చేసేవాడే స్కోరు గట్టిగా చెప్పాలి. "లవ్ ఫార్టీ" అని, ఓడిపోతున్నవాడు తన నోటితోనే చెప్పుకోవాలి.

ఒక్కసారి ఊహించుకోండి. పదకొండేళ్ళ పిల్లాడు. స్కోరు 4-5. ఫెన్సింగ్ బయట టిఫిన్ బాక్స్ పట్టుకుని నాన్న. బంతి లైన్‌కి గోరంత దూరంలో పడింది, దగ్గర్నుంచి చూసింది వాడొక్కడే. మన గల్లీ క్రికెట్లో ఇలాంటిది వస్తే పదిమందీ అరుస్తారు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళది నిర్ణయం. ఇక్కడ దాక్కోవడానికి టీమ్ లేదు. నిజం చెబితే పాయింటు పోతుంది. అబద్ధం చెబితే పట్టుకునేవాడు లేడు. మనం రాసిన పరీక్షల్లో ఇన్విజిలేటర్‌ని బయటికి పంపి, ఇలా వదిలేసింది ఒక్కటైనా ఉందా?

మాది గుంటూరులో మట్టి కోర్టు. మట్టి మీద బంతి పడితే ముద్ర మిగులుతుంది, కాబట్టి గొడవొస్తే వెళ్ళి చూసుకోవచ్చు. అయినా మోసానికి దారులుంటాయి. అండర్-12 మ్యాచ్‌లో ఒకబ్బాయి నా బంతుల్ని వరసగా మూడు "అవుట్" అన్నాడు. ముద్ర చూపించమంటే ఎప్పటిదో వేరే ముద్ర చూపించాడు. మా సార్ వైపు చూశాను. మ్యాచ్ మధ్యలో కోచ్ బయట నుంచి సలహా ఇవ్వకూడదని అప్పటి రూలు. ఆయన వేపచెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఓడిపోయి వచ్చాక అడిగాను. "సార్, నేను కూడా అలాగే చెప్పేస్తే?"

"చెప్పొచ్చురా. ఎవడూ పట్టుకోడు. కానీ కొన్నాళ్ళకి బంతి ఎక్కడ పడిందో నీకే కనబడదు. ఎక్కడ పడితే బాగుండునో అక్కడే కనబడుతుంది."

అప్పుడు పెద్దగా అర్థం కాలేదు. రెండో సంవత్సరం ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో అర్థమైంది. డయోడ్ గ్రాఫ్ ఎలా రావాలో సీనియర్ల రికార్డులో ఉంది కదా! పక్క టేబుల్ వాళ్ళు ముందు గ్రాఫ్ గీసి, దానికి సరిపడా రీడింగులు రాస్తున్నారు. వాళ్ళ మీటర్ సగం సేపు పనే చేయలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే దాని వైపు చూసినవాడే లేడు. నా గ్రాఫ్ వంకరగా వచ్చింది, అలాగే పెట్టాను. పదికి ఆరు వేశారు. వాళ్ళకి తొమ్మిది. ఆ మూడు మార్కులు ఇప్పటికీ గుచ్చుతూనే ఉన్నాయి, దాచడం ఎందుకు.

పెద్దవాళ్ళ ఆటలోనూ ఈ లెక్క ఇలాగే నడుస్తుంది. 2005లో రోమ్‌లో ఆండీ రాడిక్, ఫెర్నాండో వెర్దాస్కో మీద మ్యాచ్ పాయింట్ దగ్గర ఉన్నాడు. వెర్దాస్కో రెండో సర్వీస్ బయట పడిందని లైన్ దగ్గరివాళ్ళు చెప్పేశారు. అంటే డబుల్ ఫాల్ట్, మ్యాచ్ రాడిక్‌దే. రాడిక్ మాత్రం మట్టి మీది ముద్ర చూపించి, కాదు, లోపలే పడిందన్నాడు. ఆట సాగింది. చివరికి మ్యాచ్ ఓడిపోయాడు! సినిమాల్లో అయితే గెలిచేవాడు.

అందుకే టెన్నిస్ ఆడితే పిల్లలకి క్యారెక్టర్ వచ్చేస్తుందంటే నేను ఒప్పుకోను. అదే కోర్టులో దొంగ "అవుట్"లు చెప్పడం నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు, ఆ పాయింట్లకి బయట నుంచి చప్పట్లు కొట్టిన నాన్నలూ ఉన్నారు. ఇంకో సంగతి బ్రోచర్లలో రాయరు. మాకు బంతులు ఏరిచ్చే కుర్రాళ్ళు మేం వెళ్ళాక, గట్టింగ్ తెగిన పాత రాకెట్లతో ఆడుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకడి బ్యాక్‌హ్యాండ్ నాకు ఆరేళ్ళలోనూ రాలేదు. వాడికి ఎంట్రీ ఫీజు కట్టేవాళ్ళు లేరు కాబట్టి వాడి పేరు ఏ డ్రాలోనూ లేదు.

ఇప్పుడు మన క్యాంపస్ సిమెంట్ కోర్టులో ఆదివారాలు స్టాఫ్ క్వార్టర్స్ పిల్లలకి నేర్పిస్తున్నాను. సిమెంట్ మీద ముద్ర పడదు, ఇంకా కష్టం. పోయిన వారం ఒక తొమ్మిదేళ్ళ పాప ఆట ఆపి నా దగ్గరికొచ్చింది.

"అన్నా, నాకు సరిగ్గా కనబళ్ళేదు. నువ్వు చూశావా?"

చూశాను. బయటే పడింది. కానీ మ్యాచ్ తనది.

"నీ వైపు పడింది కదా, నువ్వే చెప్పాలి," అన్నాను.

కాసేపు లైన్ వైపు, కాసేపు నా వైపు గుర్రుగా చూసింది. తర్వాత అవతలి పిల్లాడికి "లోపలే" అని అరిచి, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయి సర్వీస్ అందుకోవడానికి నిలబడింది.