మొనాకోలో కాలినడకన

నీస్ పట్నంలో రైలెక్కితే అరగంటలోపే మొనాకో చేరవచ్చు. రెండు చదరపు కిలోమీటర్ల రాజ్యం! ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం. నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళింది జూదశాల కోసం కాదు. మోటారు పందేలు జరిగే వీధుల వెంట ఒక ప్రదక్షిణం చేద్దామని.

సొంత గడ్డమీద పందెం జరపనిదే ఇక్కడి మోటారు క్లబ్బుకు అంతర్జాతీయ గుర్తింపు లేదన్నారట. మైదానం చూద్దామంటే లేదు. అందుకని ఆంతొనీ నోగెస్ అనే ఆయన ఊరి వీధుల్లోనే పందెం తలపెట్టాడు. అది 1929లో మొదలైంది.

దారి పొడవు 3.337 కిలోమీటర్లు. మాకు గంటకు పైగా పట్టింది. పందెపు కారుకు ఒకటింబావు నిమిషం చాలు. అలా 78 చుట్లు!

సెయింత్ దెవోత్ గుడి దగ్గర కుడికి తిరిగి మిట్ట ఎక్కాము. పైన జూదశాల. అటు దిగితే హోటలు ముందర ఒక మలుపు, అచ్చం మన తిరుమల ఘాటురోడ్డు మలుపే. తరువాత సొరంగం.

“ఇంత ఇరుకులో ఒకదాన్నొకటి ఎలా దాటుతాయండీ?” అన్నది మా ఆవిడ.

“దాటడం అరుదే. ముందురోజు వేగపరీక్షలో మొదటివాడైతే సగం గెలిచినట్లే.”

సొరంగం దాటితే ఓడరేవు. 1955 మే 22న ఇటలీ వీరుడు అల్బెర్తో అస్కారి కారుతో సహా ఇక్కడే నీళ్ళలో పడ్డాడు. ఈదుకొని బయటపడ్డాడు కూడా! కాని నాలుగు రోజులకే మోంజాలో మరొక కారు నడిపి చూస్తూ మరణించాడు. 1967లో లొరెంజో బందీని కారు ఈ రేవు దగ్గరే బోల్తాపడి అంటుకుంది. రక్షణకని పేర్చిన గడ్డిమోపులే ఆ మంటకు ఆజ్యం పోశాయి. మూడు రోజులకు అతడు పోయాడు.

ఆ కథ చెప్పాక కొంతసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.

ఇప్పుడు గడ్డిమోపులు లేవు. పందెం నాటికి ఉక్కు కంచెలు లేస్తాయి. మురుగుకాలువల మూతలు సైతం కదలకుండా బిగిస్తారు. ముగిశాక అన్నీ వూడదీసి వీధిని ఊరివాళ్ళకు అప్పగిస్తారు.

మేము రోడ్డు దాటబోతుంటే వస్తున్న కారు మెల్లగా ఆగింది. లోపలి ముసలాయన వెళ్ళండని చెయ్యి ఊపాడు.

“ఇక్కడ పందెం కొద్దిరోజులే. మన వూళ్ళో ఏడాది పొడుగునా!” అన్నది మా ఆవిడ.

నాకు నవ్వు రాలేదు.