తినొచ్చా?

అమీర్‌పేటలో మెట్రో దిగి పంజాగుట్ట దాకా మూడు షాపులు తిరిగాం. మావాడికి పల్లీలు పడవు. ఓసారి చిన్న పల్లీపట్టీ ముక్కకే పెదాలు ఉబ్బి, ఊపిరాడక ఆస్పత్రికి పరిగెత్తాం.

2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద పల్లీ, పాలు, గోధుమ, సోయా ఉంటే రాయాలి. సరే, తూకానికి అమ్మే లడ్డూ మీద ఎక్కడ రాస్తారు? "పల్లీ లేదమ్మా" అంటాడు, అదే చేత్తో పల్లీపకోడీ తూకం వేస్తూ.

చివరికి మరమరాల ఉండలు దొరికాయి. పల్లీలే వాడని చోట చేసినవట. ముందు నేనే రుచి చూశాను. పాకం కాస్త ముదిరింది గానీ బాగున్నాయి. చూసి ఏం లాభం? రవ్వంత పల్లీపొడి కలిస్తే నా నాలుకకి తెలీదు, వాడి ఒంటికి తెలుస్తుంది.

"అమ్మా, తినొచ్చా?"

బ్యాగులో అడ్రినలిన్ ఇంజెక్షన్ తడిమి చూసుకుని, సగం విరిచి ఇచ్చాను.