ఒజ్జబంతి

‘ఉపాధ్యాయ’ శబ్దమే ప్రాకృతం మీదుగా తెలుగులోనికి వచ్చి ‘ఒజ్జ’ అయినది. బాలుడు చూచి దిద్దుకొనడానికి ఒజ్జ వ్రాసియిచ్చే మేలుబంతి ‘ఒజ్జబంతి’. క్రమంగా ఆ మాటకు ఆదర్శమనే అర్థం కూడా ఏర్పడినది. ఒజ్జ చేయి వణికితే శిష్యుని అక్షరమూ వంకరపోతుంది. కనుక ఆ చేయి ఎందుకు వణుకుతున్నదో మనం తెలుసుకోవాలి.

వరంగల్లులో చాలాకాలంగా తెలుగు బోధిస్తున్నాను. నా విద్యార్థులలో పలువురు చుట్టుపక్కల పల్లెల్లో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులయ్యారు. “పిల్లలు విసిగిస్తున్నారా?” అని ఒకమ్మాయిని అడిగాను. “పిల్లలతో అలసట లేదు సార్! వాళ్ల దగ్గర కూర్చోనియ్యని పనులతోనే అలసట” అన్నది.

ఇద్దరే ఉపాధ్యాయులున్న బడిలో అయిదు తరగతులుంటాయి. ఒక తరగతికి ఎక్కాలు చెబుతూనే మరొక తరగతి చేత అక్షరాలు దిద్దించాలి. నడుమ హాజరు పట్టికలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, పై కార్యాలయానికి ఆనాడే పంపవలసిన వివరాలు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులను నిర్దేశించినది. దశాబ్ది జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప విద్యేతర విధులకు వారిని నియోగించరాదని 27వ సెక్షన్‌లో చెప్పినది. బడి లోపల పేరుకొనే కాగితాల ఊసు ఆ సెక్షన్‌లో లేదు.

ఇట్టి అలసట ముదిరితే ఏమవుతుందో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ వివరించారు. మొదట మనసు డస్సిపోతుంది. పిదప ఎదుటివారిపట్ల ఆర్ద్రత ఇంకిపోతుంది. చివరకు తన పనికి విలువ లేదనిపిస్తుంది. చిన్నపిల్లలకు చదువు చెప్పేవారిలో ఆర్ద్రత ఇంకిపోతే మిగిలేదేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ స్థితిని వ్యాధిగా కాక, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని చక్కదిద్దకపోవడం వలన కలిగే వృత్తిసంబంధమైన స్థితిగా పేర్కొన్నది. అందుచేత అలసిన ఉపాధ్యాయునికి ఓర్పును బోధించి ఊరుకుంటే చాలదు; పని తీరునూ సవరించాలి.

గురువును దైవమని కొనియాడే సంస్కృతి మనది. దైవానికి అలసట ఉండదు కనుక గురువుకూ ఉండదని అనుకోవడంలోనే చిక్కున్నది. విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఒజ్జలవుతారు, మరికొందరు అధికారులవుతారు. బడి నుండి ఒక పట్టిక కోరే ముందు, అది ఏ పసివాని పాఠాన్ని ఆపుతుందో ఒక్క క్షణం యోచించండి. తోటి ఉపాధ్యాయుడు అలసినప్పుడు అతని తరగతిని ఒక గంట మీరు చూడండి. ఒజ్జ చేయి నిలకడగా ఉన్ననాడే పసివాని పలకపై అక్షరం తిన్నగా నిలుస్తుంది.