అక్క ఊరికి బండి మీద

పోయిన డిసెంబరులో ఒక ఆదివారం తెల్లారుజామున నాలుగు గంటలకు సింగానల్లూరులో మా లైను ఇంటి నుంచి బండి తీశాను. వెనక సీటుకు కట్టిన సంచిలో రెండు చొక్కాలు, పిల్లలకు మురుకులు, ఒక ట్యూబు, రెండు స్పానర్లు. చొక్కా లోపల గుడ్డపట్టీలో లక్షా నలభై మూడు వేల రూపాయలు. పోవలసింది హిందూపురం. మా అక్క ఇల్లు అక్కడే.

"బ్యాంకులో వేస్తే పోదా? ఇంత దూరం ఒంటరిగా బండి మీద ఎందుకు?" అని నా భార్య రాత్రంతా అడిగింది. "బ్యాంకులో వేస్తే డబ్బు పోతుంది, నేను పోను గదా" అన్నాను. ఆమె ఇంకేమీ అనలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చింది.

ఈ డబ్బు సంగతి ముందు చెప్పాలి. మా నాయన 31 ఏండ్లు ఒకే మిల్లులో రింగ్ ఫ్రేం మీద పని చేశాడు. 2011లో ఆ మిల్లు మూశారు. కేసు నడుస్తుండగానే, 2015లో నాయన పోయాడు. పదహారో దినం కారియం అయినాక అక్క మెల్లగా అడిగింది: "నాయన డబ్బు వస్తే నాకూ ఒక మాట చెప్పురా." నేను బంధువుల ముందే, "నీకు పెండ్లి చేసి పంపినాము గదా, ఇంకేముంది?" అన్నాను. అక్క ఆ రాత్రి బస్సుకే వెళ్ళిపోయింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

పోయిన ఏడాది గ్రాట్యుటీ, నష్టపరిహారం కలిపి రెండు లక్షల ఎనభై ఆరు వేలు చేతికి వచ్చింది. నామినీ నేనే. సంతకం పెట్టిన రోజు యూనియన్ పెద్దాయన పక్కకు పిలిచి చెప్పాడు: "నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమేరా. తండ్రి స్వార్జితంలో కొడుకుకు ఎంతో కూతురికీ అంతే. ఇది ఇప్పటి మాట కాదు, 1956 చట్టంలోనే ఉండాది." అమ్మ ముందే పోయింది. కాబట్టి సగం అక్కది. చట్టం చెప్పాక గానీ నాకు తెలియలేదని రాయడానికి సిగ్గుగానే ఉంది.

అవినాశి దాటేసరికి చలి చేతులకు ఎక్కింది. పెరుందురై, భవాని. భవాని దగ్గర కావేరి మీద తెల్లవారింది. జమక్కాళాలు నేసే ఊరు అది. ఆవల కుమారపాళయం, పళ్ళిపాళయం, అన్నీ మగ్గాల ఊర్లే. మన పెద్దలు విజయనగరం కాలంలో, తరవాత మదురై నాయకుల కాలంలో ఎద్దుబండ్ల మీద నెలల తరబడి దక్షిణానికి దిగి వచ్చారని మా అవ్వ చెప్పేది. 1888లో కోయంబత్తూరులో స్టేన్సు మిల్లు, తరవాత మదురైలో హార్వీ మిల్లు వచ్చాక, ఏరు, మగ్గం విడిచి మిల్లు సంగుకు లేచే వాళ్ళమయ్యాము. అన్ని తరాలు దిగి వచ్చిన వంశంలో మా అక్క ఒక్కతే వెనక్కి పోయింది. బావ తిరుప్పూరు బనియన్ కంపెనీలో పని చేస్తుండగా సంబంధం కుదిరింది.

సేలంలో టిఫను తిని తొప్పూరు కనుమ ఎక్కాను. ఎదురుగా దిగి వచ్చే లారీలను చూస్తే గుండె దడదడలాడింది. నాది వంద సీసీ బండి. గంటకు యాభై దాటితే చేతులు తిమ్మిరెక్కుతాయి. ప్రతి ఎనభై కిలోమీటర్లకూ ఆగి, చైను చూసుకుని, నడుము విరుచుకుని బయలుదేరడమే.

ఈ బండి కతా చెప్పాలి. మా అక్క 17 ఏండ్లప్పుడు సుమంగళి తిట్టంలో ఒక స్పిన్నింగు మిల్లుకు పోయింది. మన లైన్లలో ఈ పేరు తెలియని ఇల్లు ఉండదు. మూడేండ్లు మిల్లు హాస్టల్లోనే ఉండాలి, దినకూలి తక్కువ, ఆఖర్న పెండ్లికని మొత్తంగా డబ్బు. నెలకొకసారి చూడను పోతే దూది పట్టిన తలతో గేటు దగ్గరికి వచ్చేది. దగ్గుతుండేది. 2006లో బయటికి వచ్చినప్పుడు చేతికి ముప్పై వేలు ఇచ్చారు. అందులో పన్నెండు వేలు నా ఐటీఐ ఫీజుకు పోయింది. పది వేలు ఈ స్ప్లెండర్ బండికి మొదటి కంతు. "ఐటీఐకి బస్సులో పోతే అలిసిపోతాడు" అని అక్కే నాయనతో చెప్పింది. మిగిలింది ఆమె చెవి కమ్మలు. "పెండ్లి చేసి పంపినాము" అని నేనన్నది ఆ మనిషితో.

కృష్ణగిరి దాటి హోసూరు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఊరి మొదట్లోనే వెనక టైరు పంక్చర్. అంగడి పెద్దాయన నేను తమిళంలో అడిగితే తెలుగులో జవాబిచ్చాడు. ఆ పక్క తెలుగు ఇండ్లు శానా. నా ట్యూబు వేస్తూ అడిగాడు.

"ఒక్కనివే యాడికప్పా?"

"హిందూపురం. అక్క దగ్గరికి. బాకీ తీర్చను."

ఆయన పంపు కొట్టడం ఆపాడు. "అక్కకు బాకీ తీరుస్తావా? డబ్బు చేతిలో పెట్టి అట్లే తిరుక్కోవద్దు. రెండు దినాలుండి అన్నం తిని రా. అప్పుడు కొంచెం తీరతాది."

డబ్బిచ్చి సాయంత్రమే బయలుదేరిపోవాలనే నేను అనుకున్నది. ఆయనకు ఎట్లా తెలిసిందో!

అత్తిబెలె దగ్గర బోర్డులు కన్నడానికి మారాయి. బెంగళూరు దాటడానికే రెండు గంటలు పట్టింది. సిల్క్ బోర్డు దగ్గర ఎండ, పొగ, హారన్లు. ఒక్కసారి వెనక్కి తిరిగిపోదామా అనిపించింది. అలసట వల్ల కాదు, భయం వల్ల. అక్క తలుపు వేసేస్తే? హెబ్బాళ, యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు. ఆ తరవాత ఒక మలుపులో బోర్డు మీద తెలుగు అక్షరాలు కనబడ్డాయి. నేను అయిదో తరగతి దాకా తెలుగు చదివాను. మన దగ్గర ఆ అక్షరాలు కనబడేది పెండ్లి పత్రికల్లో, ఈ మన పత్రికలో. అక్కడ బస్సు మీదా అవే, టీ అంగడి మీదా అవే. బండి ఆపి కాసేపు ఊరికే చదివాను.

హిందూపురం చేరేసరికి సాయంత్రం అయిదున్నర. మీటరు ప్రకారం 473 కిలోమీటర్లు. తలుపు తీసింది పదిహేనేండ్ల పాప. "ఎవరు కావాల?" అంది. నా మేనకోడలు. నన్ను గుర్తుపట్టలేదు. "మీ అమ్మ తమ్ముణ్ణి" అన్నాను. గొంతు సరిగా రాలేదు.

అక్క వచ్చి ముందు నన్ను చూడలేదు. బండిని చూసింది. "ఇంకా దీన్నే తోల్తుండావా?" అని ట్యాంకు మీద చెయ్యి పెట్టింది. తరవాత నా మొహం చూసి, "ఎంత నల్లబడినావురా, నీళ్ళు పోసుకో ముందు" అంది.

రాత్రి బావ ముందర గుడ్డపట్టీ విప్పి పెట్టాను. కాయితాలు చూపించాను. పదహారో దినం అన్న మాటకు మన్నించమన్నాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. "ఇది నీవిచ్చేది కాదు, నాయన ఇచ్చేది. తీసుకుంటా" అని లెక్కపెట్టి బీరువాలో పెట్టింది.

"మరి ఆ మూడేండ్ల మిల్లు డబ్బు..." అన్నాను.

"అది తీరేది కాదు లేరా. అన్నం తిను."

రెండు దినాలున్నాను. మూడో దినం బయలుదేరేటప్పుడు పొంగలికి పిల్లలతో వస్తానంది. వచ్చింది కూడా.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. గ్రాట్యుటీ అంటే ఏడాది పనికి పదిహేను రోజుల కూలి అని 1972 చట్టం లెక్క కట్టింది. మన అక్కచెల్లెళ్ళు మిల్లు హాస్టళ్ళలో చేసిన ఏండ్లకు మన ఇండ్లలో ఎవరం లెక్క కట్టలేదు. మీ ఇంట్లో నామినీగా డబ్బు అందుకున్న వాళ్ళుంటే, ఒకసారి ఆ కాయితం తీసి చూడండి. ఇవ్వవలసింది ఉంటే బ్యాంకులో వేయకండి. మీరే పోండి.