ఖాకీ తొడిగిన మనోడు ఏం రాసిపెట్టిండు?



కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్, ఏ హాస్టలుకు మాట్లాడటానికి పోయినా ఆఖరుకు ఒక ప్రశ్న వస్తది. "అన్నా, మనోళ్లు పోలీసు నౌకరీ చేయొచ్చునా?" అడిగేటోడు పొద్దుగాల 1,600 మీటర్లు ఉరికి వచ్చినోడే అయి ఉంటడు. 2022ల సర్కారు 16,614 ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులు వేస్తే మన వాడల్ల ఎన్ని ఇండ్లల్ల ఆ పుస్తకాలు తెరుచుకున్నయో మీకు తెలుసు. వాళ్లకు నేను "వద్దు" అని చెప్పలేను, మా ఇంట్లనే ఒక ఖాకీ ఉండె. "పో బిడ్డా" అని ఊకె పంపలేను కూడా. అందుకే ఈ భాగం.

మొదలు ఒక సీరియల్ ముచ్చట. పేరు "ఆండోర్". స్టార్ వార్స్ లోకంల కథ. మొదటి సీజను 2022ల వచ్చింది, రెండోది 2025ల. అంతరిక్షం, సామ్రాజ్యం, లేజర్ తుపాకులు, మనకేం పని అనుకోకండి. దాంట్ల సిరిల్ కార్న్ అని ఒక చిన్న పోలీసు అధికారి ఉంటడు. చూద్దామనుకున్నోళ్లు నన్ను తిట్టుకోవద్దు, వాని కథ మొత్తం చెప్తున్న.

వాడు చేసేది సర్కారు నౌకరీ కూడా కాదు, ఒక కంపెనీ నడిపే భద్రతా దళంల. ఒక రాత్రి ఆ దళం సిపాయిలు ఇద్దరు ఒక మనిషిని బెదిరించి పైసలు గుంజబోయి వాని చేతులనే చస్తరు. పై అధికారి "ప్రమాదమని రాసి మూసెయ్" అంటడు. సిరిల్ ఒప్పుకోడు. చట్టం చట్టమే అంటడు. యూనిఫాంను ఒంటికి సరిపోయేటట్టు ముచ్చటగ కుట్టించుకున్నోడు వాడు. దండు తీస్కొని ఒక బీద బస్తీ మీదికి పోతడు. దాడి తప్పుతది, మనుషులు చస్తరు, నౌకరీ పోతది. తల్లి ఇంటికి చేరి గుమాస్తాగిరి చేస్తడు.

కొన్నేండ్లకు సామ్రాజ్యం గూఢచారి శాఖ వాన్ని ఘోర్మాన్ అనే గ్రహానికి పంపుతది. అక్కడి ఉద్యమంల కలిసినట్టు నటించు, బయట నుంచి వచ్చే కుట్రదారులు దొరుకుతరు అని చెప్తరు. వాడు నమ్ముతడు. అసలు సంగతి వేరే. ఆ నేల కింద సామ్రాజ్యానికి కావాల్సిన ఖనిజం ఉన్నది. తవ్వితే ఆ గ్రహం మనుషులు బతికే జాగగ మిగలకపోవచ్చు. అందుకే అక్కడి జనాన్ని రెచ్చగొట్టాలె, తిరుగుబాటుదారులని ముద్ర వెయ్యాలె, అడ్డు లేకుంట చెయ్యాలె. సిరిల్‌కు ఇది తెలిసేసరికి చౌరస్తా నిండ జనం ఉన్నరు, కాల్పులకు అంతా తయారై ఉన్నది.

అప్పుడు వాడు ఏం చేస్తడు? ఏండ్ల సంది వెంటపడ్డ కాసియన్ ఆండోర్ ఆ గుంపుల కనిపిస్తడు. చుట్టూ మనుషులు కూలుతుంటే వాడు పోయి పాత పగతోని ఆండోర్ మీద పడతడు. తుపాకి గురిపెట్టినంక ఆండోర్ వాన్ని నువ్వెవరని అడుగుతడు. వీడు బతుకంతా తరిమిన మనిషికి వీని మొఖం కూడా తెల్వదు. తుపాకి కిందికి దిగుతది. అంతల ఆ ఊరి మనిషి ఒకరు పేల్చిన గుండుకు వాడు చస్తడు.

సిరిల్ దుర్మార్గుడని నేను అనను. భ్రమ పోయిన మనిషి. కాని పోయిన భ్రమ వానితోనే మట్టిల కలిసింది. తెలుసుకున్న నిజాన్ని జనానికి చెప్పలే, ఎక్కడా రాయలే.

ఆ చౌరస్తా చూస్తుంటే నాకు ఇంద్రవెల్లి సంత కండ్లల్ల మెదిలింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం. గిరిజన రైతు కూలీ సంఘం సభ. గోండు రైతుల భూములకు పట్టాలు కావాలె, బయటి నుంచి వచ్చి పట్టుకున్న భూములు వాపసు రావాలె, షావుకార్ల దోపిడీ ఆగాలె, ఇవే అడిగింది. సభకు మొదలు అనుమతి ఇచ్చిండ్రు, ఆ తర్వాత రద్దు చేసిండ్రు. వాగుల అవతలి గూడేలకు రద్దు కబురు ఎట్ల చేరుతది? పైంగ సంత రోజు. జనం వస్తనే ఉన్నరు. కాల్పులు జరిగినయి. సర్కారు లెక్కల 13 మంది చచ్చిపోయిండ్రు. హక్కుల సంఘాల లెక్క 60కి తక్కువ లేదు. ఆ తర్వాత కట్టిన స్థూపాన్ని పేల్చేసిండ్రు, మళ్లీ కట్టిండ్రు. చానా ఏండ్లు ఏప్రిల్ 20 వచ్చిందంటే అక్కడ ఒక పూలదండ పెట్టటానికి కూడా నిషేధాజ్ఞలే.

13కు, 60కి నడుమ ఉన్నది అంకె కాదు, మనుషులు. ఆ రోజు తుపాకి పట్టుకొని నిలబడ్డోళ్లల్ల కొందరికైనా ఆ మీద నిద్ర పట్టలేదేమో. వాళ్లల్ల కూలోళ్ల కొడుకులు, మన కులపోళ్లు లేకుంట ఉండరు. లోపల లోపల ఏడ్చినోళ్లు కూడా ఉండొచ్చు. కాని వాళ్ల ఏడుపు ఆ 13ను 14 చేయలే.

ఇవి పాత ముచ్చట్లు అనుకునేటోళ్లకు 2017 జూలైల నేరెళ్ల ఉన్నది. అక్కడ ఖనిజం, ఇక్కడ వాగుల ఇసుక. సిరిసిల్ల దిక్కు ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చచ్చిపోయిండు. కోపానికి లారీలు తగలబడ్డయి. పట్టుకపోయిన దళితులు, బీసీలు తమను చిత్రహింసలు పెట్టిండ్రని చెప్పిండ్రు. ఒక ఎస్సై సస్పెండ్ అయిండు. ఆ సంగతి బయటికి వచ్చింది దెబ్బలు తిన్నోళ్లు నోరు తెరిస్తేనే.

ఇగ మా ఇంటి ఖాకీ సంగతి. మాది జగిత్యాల దిక్కు. 1978 సెప్టెంబర్ 7న జైత్రయాత్ర అయినంక అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. వెట్టి చెయ్యమన్నోడు, కూలి పెంచమన్నోడు ఠాణా గుమ్మం తొక్కకుంట ఉండలే. ఊర్ల పోలీసు పటేల్ ఉండె, ఆ గిరి తండ్రి నుంచి కొడుక్కు పోతుండె. 1984ల ఎన్టీఆర్ సర్కారు పటేల్, పట్వారీ పద్ధతి తీసేసింది. కాని మా వాడ ముసలోళ్లకు పోలీసు అంటే దొర పొడుగు చెయ్యి అన్నట్టే ఉండిపోయింది.

అసుంటి వాడ నుంచి మా పెద్దనాయిన కొడుకు, మా అన్న, కానిస్టేబుల్ అయిండు. ఆయనకు వేరే గ్లాసుల చాయ్ పోసిన హోటలాయన ఆయన ఖాకీల రాంగనే కుర్చీ జరిపిండు. ఆ కుర్చీ విలువ ఏందో తరతరాలు కుర్చీల మీదనే కూసున్నోళ్లకు తెల్వదు. పట్నంల కూసొని "పోలీసు నౌకరీ రాజ్యానికి బానిసత్వం" అని మన పిల్లలకు చెప్పే పెద్దమనుషులు ఈ కుర్చీ ముచ్చట ఒక్కసారి ఆలోచించాలె.

అదే అన్న కొన్నేండ్లకు ఒక ఠాణాల రైటర్‌కు సాయంగ కూసున్నడు. ఆ ఠాణా పేరు చెప్పను. ఒక కూలి ఆమె వచ్చి జరిగింది చెప్తుంటే ఆయన రాసిండు. బోరింగు కాడ నలుగురి ముందల కులం పేరు పెట్టి తిట్టి కొట్టిండు అన్న మాట కూడా రాసిండు. పైనోడు చదివి "ఆ లైను తీసెయ్, మామూలు కొట్లాట రాయి" అన్నడు. ఒక్క లైనే గదా అనిపిస్తది. ఆ లైను పోతే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పోతది. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాల్సిన దర్యాప్తు పోతది. సర్కారు ఇయ్యాల్సిన పరిహారం పోతది. మిగిలేది ఉట్టి కొట్లాట. అది కొన్నాళ్లకు పెద్దమనుషుల నడుమ రాజీ అయిపోతది.

మా అన్న కొట్టెయ్యలే. "ఆమె చెప్పిందే రాసిన సార్. తీసెయ్యాల్నంటే మీరే కొట్టేసి పక్కన సంతకం పెట్టుండ్రి" అన్నడు. నోటితో చెప్పేటోనికి సంతకం పెట్టే ధైర్యం ఉండదు. దరఖాస్తు అట్లనే ఎక్కింది, కేసు అయింది. నెల తిరగకముందే ఆయనకు అడవిల ఉన్న ఠాణాకు బదిలీ వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ దాటకుంటనే రిటైర్ అయిండు. "చట్టం పుస్తకంల ఒక తీరు, బల్ల మీద ఒక తీరు తమ్మీ" అంటడు. భ్రమలు ఆయనకు కూడా పోయినయి. కాని ఆ లైను ఇప్పటికీ ఆ ఫైల్ల ఉన్నది.

మిత్రులారా, ఆ చట్టం నాలుగో సెక్షన్ మీల ఎంతమంది చదివిండ్రు? ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి ఈ చట్టం కింద తన విధిని కావాలని పక్కన పెడితే ఆరు నెలలకు తగ్గకుంట ఏడాది దాక జైలు. ఆ విధులు ఏంటివో 2015 సవరణల ఒక్కొక్కటి రాసిండ్రు. నోటితో చెప్పింది రాసుకుంటే సంతకం తీస్కునే ముందు చదివి వినిపియ్యాలె. సరైన సెక్షన్ల కింద ఎఫ్ఐఆర్ కట్టాలె. కాపీ వెంటనే చేతికి ఇయ్యాలె. సాక్షుల వాంగ్మూలాలు రాసుకోవాలె. 60 రోజులల్ల చార్జిషీటు వెయ్యాలె.

ఇప్పుడు "ఎస్సీ, ఎస్టీ కాని" అన్న మాట కాడ ఆగుండ్రి. ఈ శిక్ష మనోనికి వర్తించదు. పైనోడు చెప్పిండని ఆ లైను కొట్టేసిన మాదిగ ఎస్సైని, మాల రైటర్‌ను ఈ సెక్షన్ ఏం చేయలేదు. మనోడు మనోళ్లకు అన్యాయం చెయ్యడని చట్టం నమ్మినట్టు అనుకోవచ్చు. ఆ నమ్మకం నిలబడ్డదా లేదా అని కోర్టు అడగదు. అడగాల్సింది వాడ. దొర కొడుకు ఎస్సై అయితే చట్టంతోని నిలదీద్దాం. మన కొడుకు ఎస్సై అయితే ఇంటికి అన్నానికి వచ్చినప్పుడు నిలదీద్దాం.

"ఇంత నరకమైతే రాజీనామా చేస్తే పోదా?" అని అడుగుతరు. చేయొచ్చు. ఎట్ల చేసిండ్రన్నది ముఖ్యం. పాకిస్తాన్ మొదటి న్యాయశాఖ మంత్రి ఒక దళితుడు, జోగేంద్రనాథ్ మండల్. 1950 అక్టోబర్ల రాజీనామా చేసిండు. ఏడాది నిండకముందే, 1951 సెప్టెంబర్ 27న, మన దేశం మొదటి న్యాయశాఖ మంత్రి బాబాసాహెబ్ రాజీనామా చేసిండు. రెండు దేశాల చట్టాల మీద పెత్తనం ఉన్న ఇద్దరు మనోళ్లకూ భ్రమలు పోయినయి. ఇద్దరూ ఊకె లేచిపోలే. మండల్ తూర్పు బెంగాల్ల తన మనుషుల మీద జరిగిన దాడులను విడివిడిగ చెప్పుకుంట పొడుగు లేఖ రాసిండు. బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లుతో పాటు షెడ్యూల్డ్ కులాల మీద ఆగని దౌర్జన్యాలను, సర్కారు పట్టనితనాన్ని కారణాలుగ రాసిండు. ముందుగ కాపీ ఇస్తేనే సభల చదవాలె అంటే బయటికి వచ్చి ఆ ప్రకటన పత్రికలకు ఇచ్చిండు. డెబ్బై ఏండ్లు దాటినంక కూడా మనం దాన్ని చదువుకుంటున్నం.

మన కాలంల ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఉన్నడు. ఒకప్పుడు కరీంనగర్ ఎస్పీ. 2012 నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ గురుకులాల పిల్లలే. 2021 జూలైల సర్వీసు మిగిలుండంగనే ఐపీఎస్ వదిలి బీఎస్పీలకు పోయిండు. 2023ల సిర్పూర్ల నిలబడి ఓడిపోయిండు, 2024ల బీఆర్ఎస్ల చేరిండు. ఆయన రాజకీయం మీద మనల్ల మనకు పంచాయితీలు ఉన్నయి, ఉండనీ. నేను అడిగేది ఒక్కటే, ఆయన ఒక్కన్నే కాదు, మా జిల్లాలల్ల ఆ రోజుల్ల పనిచేసిన చిన్న పెద్ద అధికారులందరినీ. నక్సలైట్ల మీద పోరు పేరు మీద ఠాణాలల్ల, అడవులల్ల మీరు కండ్లతోని చూసింది కాగితం మీద పెట్టుండ్రి. రిటైర్ అయినోళ్లకు భయం ఏంది?

ఇగ ప్రశ్నకు జవాబు. పోండ్రి. నౌకరీ కొట్టండ్రి. మన ఆడపిల్లలు కూడా కొట్టాలె. వాడకు అన్నం ఎంత అవసరమో, ఠాణా బల్ల అవతల మన భాష తెలిసిన మనిషి అంత అవసరం. కాని కుర్చీ కోసమే పోతే ఆ కుర్చీ మిమ్మల్ని తింటది. ఆత్మ ఉన్నోనికి భ్రమలు ఎట్లనైనా పోతయి. పోయిన రోజు మందు సీసా ముందల ఏడ్వకుండ్రి. కేసు డైరీ మీ చేతుల ఉంటది. చెప్పింది చెప్పినట్టు రాయండ్రి. కొట్టెయ్యమన్నోన్ని సంతకం అడగండ్రి.

నౌకరీ రాని తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా పని ఉన్నది. మా అన్న ఇప్పుడు కండ్లద్దాలు పెట్టుకొని మా వాడల దరఖాస్తులు రాసి పెడతడు. ఆయన నేర్పిన ముచ్చట్లు రాసుకోండ్రి. దరఖాస్తుల మన కులం, అవతలోని కులం రెండూ ఉండాలె. తిట్టిన మాట తిట్టినట్టే ఉండాలె, "అసభ్యంగా దూషించెను" అని నున్నగ రాస్తే పనికిరాదు. జాగ, టైము, అక్కడ ఉన్న మనుషుల పేర్లు ఉండాలె, నలుగురి ముందల జరిగిందని తేలాలె. "ముందు విచారణ చేస్తం, తర్వాత ఎఫ్ఐఆర్" అంటే 18ఎ సెక్షన్ చూపెట్టాలె. 2018 మార్చి 20 సుప్రీంకోర్టు తీర్పు మీద ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేస్తే, మనోళ్ల పానాలు పోతే వచ్చిన సెక్షన్ అది. చదివి వినిపియ్యకుంట సంతకం పెట్టొద్దు. కాపీ చేతికి రాకుంట ఠాణా మెట్లు దిగొద్దు.

వచ్చే భాగంల పరిహారం ఫైళ్లు కలెక్టరేట్ల ఎక్కడ ఆగుతయో చూద్దాం.

జై భీమ్.