రెండు చుక్కానులు, రెండు వేళ్లు

లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోల మధ్య పసిఫిక్ తీరంలో డానా పాయింట్ ఉంది. సర్ఫింగ్ బల్లలు చేసి పేరు తెచ్చుకున్న హోబీ ఆల్టర్ 1954లో దుకాణం తెరిచిన ఊరది. ఒడ్డున విరిగే కెరటాల మీదుగా నీళ్లలోకి నెట్టి, మళ్లీ ఇసుక మీదికే ఎక్కించగల కాటమరాన్ల తయారీకి 1960ల చివర్లో ఆయన పూనుకున్నారు. అలా వచ్చిందే హోబీ 16. కాటమరాన్ అన్న మాట తమిళ 'కట్టుమరం' నుంచి వెళ్లింది. మన జాలర్ల తెప్పకూ దీనికీ పోలిక మాత్రం పేరుతోనే సరి.

ఇసుక తగిలితే పైకి లేచే చుక్కానులు దీని సౌకర్యం. పందెంలో తలనొప్పీ వాటితోనే. కింద బిగిసే పట్టు కాస్త వదులైనా, వేగానికి చుక్కాని పలక వెనక్కి వాలుతుంది. తలుపును బందు దగ్గర నెట్టడానికి, అంచు దగ్గర నెట్టడానికి ఎంత తేడా! నీటి ఒత్తిడి బందుకు దూరమయ్యేకొద్దీ చేతి మీద బరువు పెరుగుతుంది. తీగకు వేలాడుతూ పడవ నడిపేవారి భుజం గంటలో లాగేస్తుంది.

అందుకే కొందరు పలక రంధ్రాన్ని పూడ్చి, కాస్త జరిపి కొత్తది వేసి, కింది కొసను ముందుకు తెస్తారు. మరీ ముందుకొస్తే చుక్కాని తనంతట తానే పక్కకు గుంజుకుంటుంది. రెండు పలకలూ సమాంతరంగా ఉన్నాయా అని ముందు అంచుల మధ్య, వెనక అంచుల మధ్య టేపుతో కొలిచి, వాటిని కలిపే అడ్డకడ్డీని సరిచేస్తారు.

అసలు జబ్బు తరచూ పైన ఉంటుంది. స్తంభం వెనక్కి వాలినకొద్దీ తెరచాప బలమూ వెనక్కి జరిగి, పడవ ముక్కు గాలికి ఎదురు తిరగాలని చూస్తుంది. చుక్కానిని ఎంత సవరించినా చేతికి తేలికవుతుందే గానీ, పడవను దారిలో ఉంచడానికి దాన్ని వంచి పట్టక తప్పదు. వంచిన చుక్కాని వేగాన్ని తింటుంది. పోనీ, స్తంభాన్ని నిటారుగా నిలిపితే? గాలివాటున వెళ్లేటప్పుడు ముక్కులు నీళ్లలో దిగబడి పడవ పల్టీ కొట్టే భయం.

కుదిరిందంటే రెండు వేళ్లతో నడపొచ్చు. ఆ రెండు వేళ్ల బరువును మాత్రం కావాలనే ఉంచుతారు. నడిపేవారు జారి నీళ్లలో పడితే, పడవ గాలికి ఎదురు తిరిగి నెమ్మదించాలి. ఆ కాస్త బరువు కూడా లేని కాటమరాన్ ఈతగాడికి అందదు.