ట్యూబు లేని సైకిల్‌తో మా ఉప్పల్ బతుకు



మేము ఉప్పల్ హాస్టల్‌లో ఒకే రూములో నలుగురం. అందరికీ ఒకటే గేర్ సైకిల్, ఒక సీనియర్ అన్న చదువైపోయి పోతూ ఇచ్చిండు. పగలు కాలేజీకి, రాత్రి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో పార్ట్‌టైం పనికి అదే దిక్కు. ఆ రోడ్ల మీద ఇనుప రజను, తీగ ముక్కలు మస్తుగ ఉంటయి. పని దిగేసరికి పంక్చర్ షాపులన్నీ బంద్. గాలి పోతే నడకే, తెల్లారి క్లాసు పోయినట్టే. హాజరు 75 శాతం తగ్గితే స్కాలర్‌షిప్‌కే ఎసరు.

ఈ టైర్లలో ట్యూబు ఉండదు, సీలెంట్ అనే ద్రవం ఉంటది. చాలా సీలెంట్లలో ఉండేది రబ్బరు పాలే. అడవిలో తపసి చెట్టుకు గాటు పెడితే జిగురు కారి గట్టిపడినట్టు, ముల్లు దిగిన చోట ఇది గాలితో బయటికొచ్చి గడ్డకట్టి రంధ్రం మూస్తది. ముల్లు పీకి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగాలె.

కానీ రెండు మూడు నెలల్లో ఎండిపోతది, మన ఎండలకు ఇంకా తొందరగ. సెలవుల నుంచి రాగానే చక్రం ఊపి చూడాలె, లోపల ద్రవం కదిలిన చప్పుడు రావాలె. టైరు పక్క చీలితే మాత్రం ఇది ఆపలేదు. అందుకే బ్యాగులో ఒక ట్యూబు, పంపు పెట్టుకుంటం. సీసా ఖర్చు నలుగురం పంచుకుంటం.

మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కినోళ్లు లేరు. ఇట్లాంటివి చెప్పేది సీనియర్లే. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనే తమ్ముళ్లు, చెల్లెళ్లు, సీలెంట్ ఎప్పుడు పోసిండ్రో ముందే అడగండి. ఉప్పల్ దిక్కు వస్తే మా పంపు మీదే.

జై ఆదివాసీ.